తెల్ల టోపీలో కార్డు

నొవినీలే మామ్మ తన పింఛను కార్డుని గురువారం ప్రార్థనలకి పెట్టుకునే తెల్ల టోపీ మడతలో దాచుకునేది. ఎవరైనా కార్డు మాట ఎత్తితే చాలు, చెయ్యి తనంతట తానే తల మీదికి పోయేది. ఇప్పుడు ఆ చెయ్యి ఉత్త తలగుడ్డని తడిమి కిందికి దిగుతోంది. స్నేహితురాలు మాబేలే చనిపోయినప్పుడు ప్రార్థన సంఘం ఆడవాళ్లు ఆమెకి సంఘం దుస్తుల్లోని ఎర్ర జాకెట్టు తొడిగారు గానీ, ఆమె తెల్ల టోపీని ఎలుకలు కొరికేశాయి. ఉత్త తలతో పంపుతామా అని మామ్మ తన టోపీ తీసి ఆమెకి పెట్టింది. సమాధి పూడ్చి ఇంటికొచ్చాక గానీ కార్డు గుర్తు రాలేదు.

"కార్డు ఎక్కడ పోయింది మామ్మా?" అంది పింఛను ఆఫీసులో అమ్మాయి.

"పోలేదే తల్లీ. మాబేలే నెత్తిన ఉంది."

"అయితే వెళ్లి అడిగి తెచ్చుకో!"

"ఆవిణ్ణి మట్టిచేసి వారమైంది."

నవ్వాలో వద్దో తెలియక, ఆ అమ్మాయి వేలిముద్ర తీసుకుని కొత్త కార్డు ఇచ్చింది. "పాతది ఆపేస్తున్నా. ఇక అందులో ఒక్క సెంటు డబ్బు కూడా రాదు."

మామ్మ దోసిలి పట్టి అందుకుంది. "చల్లగా ఉండు తల్లీ. ఆ పాతదాన్ని మాత్రం ఆపకు. నా పొయ్యి వెలగని రోజుల్లో అడక్కుండానే పిండి పంపిన మనిషి. ఆవిడ చేతిలో కూడా కాస్త ఏదైనా ఉండనీ."