ఆగిపోయిన సినిమా అడ్రస్‌లు

ఫిల్మ్ నగర్‌లోని మా గ్రాఫిక్స్ ఆఫీసులో నాకు పని నేర్పిన మేడమ్ నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. షాట్లు తయారుచేసే మెషీన్లను మేము క్లౌడ్‌లో అద్దెకు తీసుకునేవాళ్లం. నెట్‌వర్క్‌లో ఒక్కో మెషీన్‌కు ఫోన్ నంబరులా ఒక అడ్రస్ ఉండాలి; ఏ సినిమా మెషీన్లకు ఏ అడ్రస్‌లు ఇవ్వాలో ఆమె కోడ్‌లో రాసేవారు. ఆ కోడ్ నడిపితే చాలు, మెషీన్లు వాటి అడ్రస్‌లతో లేచేవి.

ఆ అడ్రస్‌లలో ఒక పెద్ద వరుస, సగంలో ఆగిపోయిన సినిమాది. దాని మెషీన్లను ఎప్పుడో తీసేశాం. అడ్రస్‌లు మాత్రం ఆమె ఎవరికీ ఇచ్చేవారు కాదు.

ఒకసారి రిలీజ్ దగ్గరపడిన సినిమాకు అడ్రస్‌లు చాలక కొత్త మెషీన్లు లేవలేదు. నిర్మాత ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. ఆ పాత వరుసను దీనికి ఇస్తూ నేను కోడ్ మార్చి పంపితే ఆమె తిప్పి పంపారు.

"ఖాళీగానే ఉన్నాయి కదా మేడమ్," అన్నాను.

"ఖాళీ ఏడున్నది? అది వాళ్ల జాగ. వాళ్లు వస్తరు," అని, సాయంత్రం దాకా కూర్చుని ఆ సినిమాకు కొత్త అడ్రస్‌లతో వేరే నెట్‌వర్కే కట్టారు.

సెంటిమెంటా అంటే, సినిమా పూర్తయి గుమ్మడికాయ కొట్టే రోజున కూడా ఆమె సీట్లోంచి లేవరు. జాగ్రత్తా అంటే, అవి ఉత్త నంబర్లు.

నిరుడు ఆ ఆగిన సినిమా దర్శకుడు వేరే కథతో మా ఆఫీసుకు వచ్చాడు. ఆయనకు ఆమె ఎవరో తెలియదు, ఆమె పలకరించనూ లేదు. ఆయన మీటింగ్ రూమ్‌లోకి వెళ్లాక ఆమె కోడ్ తెరిచి, ఆ వరుస దగ్గర పాత సినిమా పేరు చెరిపి ఆయన కొత్త సినిమాది రాశారు. అడ్రస్‌లు అవే.

"జర చూసి ఓకే చెయ్యి," అన్నారు.

ఏం చూడాలో తెలియలేదు. ఓకే చేశాను.