షెల్టర్‌లో ఇరవైరెండు తలలు

ఏడేళ్ల కిందట, మే నెల మొదటి వారంలో, గల్ఫ్‌లోని ఒక విదేశీ సైనిక స్థావరంలో లాండ్రీ సూపర్‌వైజర్‌గా చేరాను. అంతకుముందు పద్దెనిమిదేళ్లు జిగణిలో ఒక బట్టల ఫ్యాక్టరీ వాషింగ్ సెక్షన్ నడిపినదాన్ని. సైనిక స్థావరం అనగానే తుపాకులు ఊహించుకునేవాళ్లకు ముందే చెబుతున్నాను: అక్కడ నేను ఎక్కువగా చూసినవి చెమట పట్టిన బనియన్లు. మమ్మల్ని కాంట్రాక్టర్లు అంటారు. మెడలో కార్డు తప్ప ర్యాంకు లేదు. కాపలా కుక్కలకు ఉంది.

సూపర్‌వైజర్‌కు షెల్టర్ వార్డెన్ పని కూడా అంటగట్టారు. సైరన్ మోగితే నా షిఫ్టు మొత్తం, నాతో కలిపి ఇరవైముగ్గురం, కాంక్రీటు షెల్టర్‌లో చేరాలి. వార్డెన్ ముందు పేర్లు పిలవాలి, తర్వాత ఒక్కొక్కరి తల తాకి లెక్కపెట్టాలి, అప్పుడు రేడియోలో కంట్రోల్ రూంకు సంఖ్య చెప్పాలి. సంఖ్య తగ్గితే వెతకడానికి మనుషులు వెళ్తారు. సరిపోతే, రెండో సైరన్ మోగేదాకా ఎవరూ కదలరు. తలలు తాకే పని మిగతా వార్డెన్లు చేసేవాళ్లు కాదు. నేను చేస్తుంటే రామాంజప్ప నవ్వేవాడు: "ఆశీర్వాదం చేస్తాండావా అక్కా, పేన్లు చూస్తాండావా?"

రామాంజప్పది బాగేపల్లి దగ్గర పల్లె. ఇస్త్రీ మెషిన్ మీద పని. ఆ షిఫ్టులో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. తక్కినవాళ్లు నేపాలీలు, మలయాళీలు, ఫిలిప్పీన్స్ వాళ్లు.

చేరిన మూడో వారం, మధ్యాహ్నం భోజనాల వేళ ఇసుక గాలి లేచింది. పట్టపగలే ఆకాశం ఇటుక పొడి రంగుకు తిరిగింది. అందులోనే సైరన్. షెల్టర్‌లో లైట్లు ఆరిపోయాయి. టార్చి వెలుగులో జాబితా చదివాను. రామాంజప్ప పేరుకు వెనక బెంచీ వైపు నుంచి "ఉండానక్కా" అని వినపడింది. కంట్రోల్ రూం తొందరపెడుతోంది. తలలు తాకకుండానే "ఇరవైమూడు" అనేశాను.

చెప్పాక మనసు ఒప్పుకోలేదు. తలలు తాకుతూ వెళ్లాను. నాతో కలిపి ఇరవైరెండు. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాను. ఇరవైరెండే. వెనక బెంచీ ఖాళీగా ఉంది. దానిమీద పేరుకున్న సన్నటి ఇసుక పొర చెదరను కూడా లేదు. "రామాంజప్పా!" అని ఇంకోసారి పిలిచాను. ఈసారి ఎవరూ పలకలేదు.

కాలేజీలో ప్రాక్సీ చెప్పినట్టు ఎవరో పలికారనుకుని అందరినీ నిలదీశాను. థామస్ అనే మలయాళీ మెల్లిగా అన్నాడు: ఆ మాట మాకు రాదు మేడమ్, కానీ మేమూ విన్నాం.

అప్పుడు గుర్తొచ్చింది. భోజనానికి ముందు అతన్ని దుప్పట్ల కంటైనర్‌కు పంపింది నేనే.

కంట్రోల్ రూం సార్జెంటుతో గొడవకు దిగాను. ఒకసారి ఇచ్చిన సంఖ్య మార్చడం కుదరదన్నాడు. పేరుకు జవాబు వచ్చిందా లేదా అన్నాడు. జవాబు వచ్చింది, మనిషి రాలేదన్నాను. ఈ గాలిలో మనుషుల్ని పంపితే బాధ్యత ఎవరిదన్నాడు. నాదే, నా కార్డు నంబరు రాసుకో అన్నాను.

ఇద్దరు సైనికులు వెళ్లారు. కంటైనర్ ఇనుప తలుపు గాలికి మూసుకుని బయట గడియ పడింది. లోపల కొలిమి. రామాంజప్ప స్పృహ లేకుండా దొరికాడు. ఇంకో అరగంట ఆగితే శవం దొరికేదని డాక్టర్ అన్నారు. షెల్టర్‌కూ ఆ కంటైనర్‌కూ మధ్య రెండు గోడౌన్లు, ఒక పెరేడ్ మైదానం ఉన్నాయి.

మర్నాడు ఆస్పత్రిలో, నేనేమీ అడగకముందే అన్నాడు: "నువ్వు పిలిస్తివి కదక్కా, ఉండానంటిని. రెండోసారి పిలిచినప్పుడు గొంతు రాల్యా."

దేనికైనా వాదన పెట్టుకునే మనిషిని. ఆ రోజు మాత్రం వాదించకుండా వెళ్లి రిపోర్టు తీశాను.

రిపోర్టులో ఇరవైమూడు కొట్టేసి ఇరవైరెండు వేశాను. కారణం అన్న గడిలో, వార్డెన్ తలలు తాకకముందే సంఖ్య చెప్పింది అని రాశాను. అది నిజం. పలికింది ఎవరన్నదానికి ఫారంలో గడి లేదు.

రిటైరై ఇప్పుడు ఎలక్ట్రానిక్ సిటీలో ఉంటున్నాను. మా అపార్ట్‌మెంట్ ఫైర్ డ్రిల్‌లో సెక్రటరీగారు పేర్లు పిలిచి ముగించబోతే ఒప్పుకోను. నవ్వేవాళ్లు నవ్వనీ. జవాబును లెక్కలో వేసుకోకూడదు. చేతికి తగిలిన తలనే వేసుకోవాలి.