కట్ట మీద ఎర్రగుడ్డ

మా నాన్న మతిమరుపుతో దారి తప్పి, కల్వర్టులో జారిపడి పోయాడని పట్నంలో, శంకర్ నగర్‌లో ఉండే మా అన్నయ్య అందరికీ చెబుతుంటాడు. తప్పు. ఆయన దారీ తప్పలేదు, జారీ పడలేదు. అలాగని నేను దెయ్యాల్ని నమ్మే మనిషినీ కాదు. కెమిస్ట్రీ చదువుకున్నాను. గుమ్మానికి నిమ్మకాయలు కట్టేవాళ్లను చూస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది.

నాన్న చిన్న లైను, అంటే నేరోగేజి మీద, పట్టాలు చూసుకునే రైల్వే గ్యాంగులో పనిచేశాడు. రిటైరయ్యాక ఆ లైను మీదే ఉన్న అభన్‌పూర్‌లో మా ఇంట్లోనే ఉండేవాడు. రాత్రంతా కురిసిన వాన తెరిపిచ్చాక, ఒక ఉదయం చెప్పులు వేసుకుంటున్నాడు.

"ఎక్కడికి నాన్నా?"

"కల్వర్టు సూసొస్తానే. ఇంత వానకి కట్ట తెగిపోద్ది."

"పట్టాలే పీకీసినారు కదా."

"నాకెవులూ సెప్పనేదే," అన్నాడు.

పొయ్యి మీద ఉప్మా చూసి వచ్చేసరికి లేడు.

మధ్యాహ్నానికీ రాకపోతే మా ఆయనా నేనూ బయల్దేరాం. చిన్న లైను తీసేసి, కొత్త పెద్ద లైను ఆ వంపు తప్పించి వేయడంతో పాత కట్ట ముక్క ఒకటి పొలాల్లో మిగిలిపోయింది. తెలియనివాళ్లకు అదీ గట్టే. కానీ పొలం గట్టు అంత ఎత్తుగా, వెడల్పుగా సాగదు, దాని మీద నల్ల కంకర ఉండదు. కంచెకు పాతిన దుంగలకు బోల్టుల బెజ్జాలున్నాయి. పట్టాల కింద వేసే పాత స్లీపర్లవి. ఆ గుర్తులు పట్టుకునే నడిచాం. నాట్లు వేస్తున్న ఒకామె హిందీలో "బాబా ఇధర్ గయే, దీదీ" అని అటే చేయి చూపించింది.

కల్వర్టు నిజంగానే తెగింది. దానికి చాలా ఇవతల, కట్ట నడిమధ్య, నా ఎర్ర లంగా కట్టిన కర్ర పాతి ఉంది. నేను పొయ్యి దగ్గరున్నప్పుడు పట్టుకెళ్లినట్టున్నాడు. లైను తెగితే గ్యాంగువాళ్లు చేసే పని అదే. ఎర్రజెండా పాతి, వచ్చే బండికి ఎదురు నిలబడతారు.

జెండా దాటాక కట్ట పక్కన నాన్న పడి ఉన్నాడు. ప్రాణం లేదు. ఒంటి మీద బట్టలు పొడిగా ఉన్నాయి.

పక్కటెముకలు నలిగిపోయాయి, ఏదో పెద్ద బండి గుద్దిందన్నాడు డాక్టరు. కట్ట మీద బురదలో నాన్న చెప్పుల జాడలు తప్ప చక్రం గుర్తు లేదు. రెండు వైపులా మళ్లలో ఒక్క నారు మొక్క వాలలేదు. లంగాకు మాత్రం నల్ల నూనె మరక. ఎంత ఉతికినా డీజిల్ వాసన పోలేదు.

గట్టిగా నిలదీస్తే అన్నయ్య "ట్రాక్టరై ఉంటుందిలేవే" అంటాడు.

"గాల్లో వచ్చిందా అన్నయ్యా ట్రాక్టరు?" అంటే మాట మారుస్తాడు.

అదేమిటో నాకూ తెలియదు. దెయ్యమని మాత్రం అనను. ఏదైనా కానివ్వండి, నాకు ఒక్కటే తెలియాలి. పట్టపగలు ఎర్రగుడ్డ అంత దూరం నుంచి కనిపిస్తుంటే, ఆ తోలినవాడు బ్రేకెందుకు వేయలేదు?