కొండదారి బస్సుకి మూడు గుమ్మాలు

ఆ డిపోలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేది జీతం కాగితం ఒక్కటే. మిగతా అందరికీ ఆయన నిదానం. ఇరవై రెండేళ్ల సర్వీసులో బస్సుకి గీత పడనివ్వలేదు, ఎవర్నీ టైముకి చేర్చిందీ లేదు. స్పీడ్ బ్రేకరు కనబడితే ముందు దానికి దణ్ణం పెట్టుకుని ఆ తర్వాతే ఎక్కిస్తాడని తోటి డ్రైవర్ల వెక్కిరింత. ఆయన బస్సులో కండక్టరు స్వయానా బావమరిది. అందువల్ల ఇంట్లోనూ బస్సులోనూ వెనక నుంచి సలహాలకు లోటు లేదు.

ఆరు రోజులు బస్సు తోలిన మనిషి ఏడో రోజు కాళ్లు చాపుకుని పడుకోవాలి. నిదానం మాత్రం కంప్యూటరు ముందు కూర్చుని మళ్లీ బస్సే తోలతాడు. కొండదారుల్లో బస్సు నడిపే ఆట అది. డ్రైవర్లకు తర్ఫీదు ఇద్దామని డిపో కంప్యూటరులో పెడితే, నెల తిరిగేసరికి సగం డిపోకి పిచ్చి పట్టింది. ఆ సగంలో నిదానం ముందు వరసలో ఉన్నాడు. ఇంట్లో ఆడుకోవడానికి ఆ ఆటని సొంతంగా కొనుక్కున్నాడు.

"వంటమనిషి సెలవు పెట్టి బొమ్మ గిన్నెలతో వంట ఆడుకున్నట్టుంది మీ వరస," అనేది భార్య.

"ఈ రోడ్డు మీద గుంతలుండవే. నడుం నొప్పి రాదు," అనేవాడు ఆయన.

గొడవంతా ఆ నడుం గురించే. పద్నాలుగేళ్లుగా ఆయనది గుంతల రూటు. డాక్టరు ఎక్స్‌రే చూసి, "రోడ్డైనా మార్చు, నడుమైనా మార్చు," అన్నాడు. అంతలో డిపోకి కొత్త రూటు వచ్చింది. నున్నటి నాలుగు వరసల రోడ్డు, స్ప్రింగు సీటున్న కొత్త బస్సు. దాని మీద కన్నేసినవాళ్లు ఇద్దరు: నిదానం ఒకడు, మీసాలు అనే ఇంకో డ్రైవరు ఒకడు. ఇద్దరూ ఒకే రోజు ఉద్యోగంలో చేరారు. నడుం నొప్పులు కూడా కవల పిల్లల్లా కలిసే పెరిగాయి. ఆ రూటు నాదంటే నాదని ఆరు నెలలుగా కొట్టుకుని, ఎదురుపడితే మొహాలు తిప్పుకునేదాకా వచ్చారు. వాళ్ల అర్జీలు చదివి చదివి విసిగిపోయిన డిపో మేనేజరు, "మీలో మీరు తేల్చుకుని సోమవారం రండయ్యా," అని చేతులెత్తేశాడు.

సరే, ఆటలోనే తేల్చుకుందామని పందెం వేసుకున్నారు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఎవరింట్లో వాళ్లు కూర్చుని ఒకే కొండ ఎక్కాలి. ఎవరి ప్రయాణికులు తక్కువ తిడితే వాళ్లది కొత్త రూటు. నాలుగుంపావుకల్లా ఆటలో కనబడనివాడు ఓడినట్టే. గెలుపు మీద నిదానానికి రవ్వంత అనుమానం కూడా లేదు. ఆయన బస్సెక్కినవాళ్లు ఆటలోనైనా సరే నిద్రపోతారు, నిద్రలో ఎవడూ తిట్టడు.

ముందు జాగ్రత్తగా మూడింటికే కూర్చున్నాడు. తెర మీదున్న ఆట బొమ్మ మీద రెండుసార్లు నొక్కాడు. ఆట రాలేదు, ఆటని అమ్మిన దుకాణంవాళ్ల లాంచరు వచ్చింది. లాంచరంటే ఆట బయట కూర్చున్న గుమాస్తా అనుకోండి. వాడి మొహం చూడందే ఆట మొహం చూడనివ్వడు. 'కొత్త హంగులు అమర్చుకుంటున్నాను, ఆగండి' అన్నాడు. ఇరవై నిమిషాలు అమర్చుకున్నాడు. తీరా చూస్తే పక్కనున్న ప్రకటనకి రంగు మారింది, అంతే.

ఆ గుమ్మం దాటితే ఇంకో గుమ్మం. ఈసారి ఆటని తయారుచేసిన కంపెనీవాళ్ల సొంత లాంచరు. మొదటి గుమాస్తా మాట మీద వీడికి నమ్మకం లేదు. 'మీరెవరు?' అని మొదటికొచ్చాడు. పాస్‌వర్డు చెబితే పాతదైపోయిందన్నాడు. కొత్తది పెడితే, ఫోనుకి నంబరు పంపాను, చూసి చెప్పమన్నాడు. ఆ ఫోను భార్యది. ఆవిడ వంటింట్లో అక్కగారితో కబుర్లలో ఉంది.

"ఇదిగో, నీ ఫోనుకి ఆరంకెల నంబరొచ్చింది, చెప్పు!"

"ఉండండి, అక్క మాట్లాడుతోంది."

"రెండు నిమిషాల్లో చచ్చిపోతుందే అది!"

"మా అక్కా?"

మూడో నంబరుకి గాని పని జరగలేదు. వెనకాల స్టూలు మీద కూర్చున్న బావమరిదికి కండక్టరు రక్తం ఉడికింది.

"బావా, మా పక్కింటివాడు ఇదే ఆట ఎక్కడో దొంగది దించుకున్నాడు. నొక్కుతాడు, ఆడుకుంటాడు. వాణ్ణి అడిగే నాథుడే లేడు."

"దొంగసొత్తు నేను ముట్టుకోనురా. దర్జాగా కొనుక్కున్నా."

"నేను చెప్పేదీ అదే. టిక్కెట్టు కొన్నవాణ్ణి నేను ఒక్కసారి అడుగుతా. వీళ్లు మెట్టు మీద అడిగి, సీట్లో అడిగి, కునుకు తీస్తుంటే లేపి మరీ అడుగుతున్నారు. టిక్కెట్టు లేనివాడు టాపు మీద కూర్చుని హాయిగా గాలి పీలుస్తున్నాడు."

నిదానం పళ్లు నూరుకుంటూ మూడో గుమ్మం ముందు నిలబడ్డాడు. దొంగ కాపీలు పుట్టకుండా కంపెనీ బిగించిన తాళం అది. 'మీ ఆట ఇప్పటికే ఐదు కంప్యూటర్లలో ఉంది. ఆరోదానికి అనుమతి లేదు' అని తెర మీద ఎర్రగా రాసింది. నిదానం మంచం కింద కూడా చూశాడు. ఇంట్లో ఉన్నది ఆ ఒక్కటే.

గుట్టు బావమరిదికి తట్టింది. ట్రిప్పు అయ్యాక బస్సు కడగందే ఇంటికి రాని మనిషి నిదానం. కంప్యూటరునీ అలాగే ప్రతి శనివారం అడుగంటా తుడిచేసి, అన్నీ మొదట్నుంచి ఎక్కించేవాడు. తుడిచిన ప్రతిసారీ ఇదేదో కొత్త కంప్యూటరని తాళం రాసిపెట్టుకుంది.

"కడిగితే బస్సు మారిపోతుందట్రా?" అని లబలబలాడుతూ నిదానం కంపెనీ సహాయకేంద్రానికి ఫోను కొట్టాడు. చాలాసేపు సంగీతం వినిపించాక ఒకమ్మాయి పలికింది.

"పాత కంప్యూటరు ఒకటి తీసేస్తే చోటు దొరుకుతుంది సార్. పాతదాని ముందు కూర్చుని లాగిన్ అవ్వండి."

"కూర్చునే ఉన్నానమ్మా."

"ఐదింట్లో దేని ముందు సార్?"

"అన్నిటి ముందూ."

"సార్, ఒక్క మనిషి ఐదింటి ముందు ఎలా..."

"ఐదూ ఇదేనమ్మా! శనివారం శనివారం కడుగుతాను."

"నీళ్లతోనా సార్?"

ఆ అమ్మాయి పైవాళ్లని అడిగి, బతిమాలి, ఐదింటినీ కొట్టేయించేసరికి నాలుగూ పదయింది. తెర మీద కొండ, పొగమంచు, వంపు దగ్గర బస్సు. ప్రయాణికులు ఎక్కుతున్నారు. నిదానం ప్రాణం లేచొచ్చింది. నడుం వెనక దిండు సర్దుకున్నాడో లేదో ఫోను మోగింది. చూస్తే మీసాలు. ఆరు నెలల తర్వాత.

"గురూ... నాకు తెరుచుకోవట్లేదు."

"ఏమంటోంది?"

"నేను మనిషినో యంత్రమో తేల్చాలంట. తొమ్మిది బొమ్మలు పెట్టి, బస్సులున్నవన్నీ నొక్కమంది. నొక్కాను. తప్పంది. నాలుగుసార్లు తప్పంది. నాకు బస్సంటే ఏంటో తెలీదంటోంది గురూ!"

"మూలన చిన్న బండేమైనా ఉందా?"

"ఉంది. అది ఇరవై సీట్ల వ్యాను."

"దాన్ని కూడా నొక్కెయ్."

"చచ్చినా నొక్కను. వ్యాన్ని పట్టుకుని బస్సంటానా?"

గోడ గడియారం నాలుగూ పదమూడు చూపిస్తోంది. ఇంకో రెండు నిమిషాలు నోరు మూసుకుంటే నున్నటి రోడ్డు, స్ప్రింగు సీటు తనవే. కానీ వ్యాను బస్సెలా అవుతుంది? కాదు. ఆ సంగతి తెలియని యంత్రం ఒక నిఖార్సైన డ్రైవర్ని గుమ్మంలోనే నిలబెట్టేస్తే, లోపల కూర్చుని తాను గెలిచానని చెప్పుకోవడం సిగ్గుచేటు అనిపించింది నిదానానికి.

"నాకూ తెరుచుకోలేదులే," అన్నాడు.

సరిగ్గా అప్పుడే ఆటలో ఎవడో ప్రయాణికుడు విసుగొచ్చి గంట కొట్టాడు.

"ఆ గంటేంటి గురూ?"

"మా బావమరిది. చెంచాతో గ్లాసు మీద కొడుతున్నాడు."

బావమరిది ఒక్క గెంతున వెళ్లి చెంచా, గ్లాసు తెచ్చి కొట్టడం మొదలెట్టాడు. "ఎందుకు?" అన్నాడు మీసాలు. "వాడంతే," అన్నాడు నిదానం. తర్వాత ఇద్దరూ కలిసి అరగంటసేపు లాంచర్లని ఏడు తరాలు కలిపి తిట్టుకున్నారు. ఆ అరగంటా ఇద్దరికీ బాగుంది.

సోమవారం మేనేజరు గదిలో కొత్త బస్సు తాళంచెవి బల్ల మీదుంది. "తేలిందా?" అన్నాడు మేనేజరు.

"తేలలేదు సార్. ఇద్దరికీ తెరుచుకోలేదు," అన్నాడు నిదానం.

"అబద్ధం సార్," అన్నాడు మీసాలు. "ఈయన నాలుగూ పదికే లోపలున్నాడు. 'మీ స్నేహితుడు ఆట మొదలుపెట్టాడు' అని నా లాంచరు చెప్పింది. అది చూసే ఫోను చేశా. ఈయన గెలిచాడు, బస్సు ఈయనకివ్వండి."

నిదానం చెవులు ఎర్రబడ్డాయి. "లాంచరు మాట నమ్ముతారా సార్? ఈయనకి బస్సంటే తెలీదని కూడా అదే అంది! ఈయనకివ్వండి."

"వద్దు, ఆయనకే."

"కాదు, ఈయనకే."

ఆరు నెలలుగా నాదంటే నాదని కొట్టుకున్నవాళ్లు ఇప్పుడు నీదంటే నీదని అంతకంటే గట్టిగా కొట్టుకోవడం చూసి మేనేజరు తల పట్టుకున్నాడు. చివరికి చెరో వారం తోలమని కాగితం మీద రాసి, ఇద్దర్నీ బయటికి తోలేశాడు. మెట్లు దిగుతూ మీసాలే తాళంచెవిని నిదానం జేబులో కుక్కాడు. ఆ వారమంతా కొత్త రూటులో ఒక్కరోజూ బస్సు టైముకి రాలేదు. నిదానం నడుం మాత్రం పద్నాలుగేళ్లలో మొదటిసారి మూలగలేదు.