తేనెత్తయ్య చిన్న పెట్టెలు

పెరట్లో తేనెటీగలు పెంచుతుందని వీధిలో అందరూ ఆమెను తేనెత్తయ్య అంటారు. అరవై దాటినా నడకలో ఒక గెంతు ఉంటుంది. తేనెటీగ వచ్చి ముక్కు మీద వాలినా, ఉఫ్ అని ఊదేసి మాట సాగిస్తుంది. పోయిన ఏడాది మాత్రం తేనెతో నిండిన తేనెటీగల పెట్టె ఎత్తబోయి, నడుం పట్టేసి, నెల రోజులు మంచం దిగలేదు. "ఇక పెట్టెలన్నీ అమ్మేద్దామే," అన్నాడు భర్త. మూడోరోజే ఆమె వడ్రంగిని పిలిపించి, పాతవాటిలో సగం బరువు కూడా తూగని చిన్న పెట్టెలు చేయించింది. "బొమ్మరిల్లు కడుతున్నారా అత్తయ్యా?" అని నవ్వాడు వడ్రంగి. "ఆ, ఆడుకోవడానికే!" అంది.

ఈ ఉదయం మొదటి చిన్న పెట్టె నిండింది. భర్త సాయానికి పరుగెత్తుకొచ్చేలోపే ఆమె ఊపిరి బిగబట్టి, కళ్లు గట్టిగా మూసుకుని ఎత్తేసింది. అది అంత సులువుగా లేస్తుందనుకోలేదేమో, తూలి రెండడుగులు వెనక్కి వేసి పకపకా నవ్వింది. "లేచిందండీ!" అని కేక పెట్టి, పెట్టెను చంటిపిల్లలా పొట్టకు ఆనించుకుని పెరడంతా తిరగసాగింది. వెనకే ఈగలు, ఈగల వెనక భర్త.

"దించవే, నడుం జాగ్రత్త!"

"మీరూ ఎక్కి కూర్చోండి, మోసేస్తా!" అంది తేనెత్తయ్య, నాలుగో చుట్టు మొదలుపెడుతూ.