తార్నాక బావిలో సోలార్ లాంతరు

1997 మే నెలలో మా సివిల్ కన్సల్టెన్సీ ఆఫీసు నన్ను తార్నాకలో ఒక పాత ఇంటి మరమ్మతులకు సైట్ ఇంజినీరుగా వేసింది. యజమాని కర్నూలు వైపు నుంచి వచ్చిన ప్రొఫెసరు. అప్పటికి యూనివర్సిటీ క్యాంపస్ క్వార్టర్లో ఉండేవారు. రిటైరయ్యేలోపు సొంతింట్లోకి మారాలని ఆయన తొందర. హరిత భవనం అన్న మాట ఇంకా మా నోళ్లలో పడలేదు గానీ, ఆయన దగ్గర టైపు చేసిన నిబంధనల కాగితం ఉండేది. కూల్చిన ఇటుకే మళ్లీ వాడాలి. మిద్దె మీద పడిన వాన నీరంతా పెరట్లోని పాత బావిలోకే పోవాలి. సైటులో కిరసనాయిలు కాల్చకూడదు. చెప్పొద్దూ, ఆ కాగితమంటే నాకూ మహా మోజు.

బావి బండ కింద ఏళ్లుగా మూతపడి ఉంది. పూడిక తీయడానికి వారాసిగూడ నుంచి యాదయ్య, అతని భార్య లక్ష్మమ్మ వచ్చారు. బావి పనివాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. బావిలోకి దిగినవాడి నడుము తాడు అతని సొంతింటి మనిషే పట్టుకోవాలి. పైనుంచి రెండుసార్లు గుంజితే కిందివాడు రెండుసార్లు గుంజి జవాబివ్వాలి.

మిట్టమధ్యాహ్నం బండ తీశాం. లోపలి నుంచి చల్లదనం రాలేదు, వాసనా రాలేదు. రాయి వేస్తే చప్పుడు కూడా లేదు.

"కందిలి దింపాలె సార్. గా కందిలి లేకుండ నేను దిగ," అన్నాడు యాదయ్య. కందిలి అంటే కిరసనాయిలు లాంతరు. నేను నిబంధన గుర్తుచేసి, ప్రొఫెసరుగారు తెచ్చిన సోలార్ లాంతరును తాడుకు కట్టి దింపాను. తెల్లటి వెలుగు అడుగుదాకా వెళ్లి నిలిచింది.

"వెలుగుతానే ఉంది కదప్పా, ఇంకేం భయం?" అన్నారు ప్రొఫెసరుగారు. నేనూ వంత పాడాను. యాదయ్య మా ఇద్దరి మొహాలూ చూసి, నడుము తాడు కొస లక్ష్మమ్మ చేతికిచ్చి దిగాడు.

మొదటి తట్ట పైకి రాలేదు. కింద ఏదో గొణుగుడు వినిపించి ఆగిపోయింది. తొంగి చూశాను. లాంతరు నిబ్బరంగా వెలుగుతోంది. దాని పక్కన యాదయ్య గోడకు చేరగిలబడి, నోరు తెరిచి, రెప్ప వేయకుండా నా వైపే చూస్తున్నాడు. అలసి కూర్చున్నాడని లక్ష్మమ్మతో అన్నాను.

ఆమె బావిలోకి చూడనే లేదు. తాడు రెండుసార్లు గుంజింది. జవాబు లేదు.

"ఆయన పలుకుతలేడు సార్! గుంజుండ్రి!"

ఇంటి పనిలో ఉన్న మేస్త్రీలతో కలిసి లాగాం. పెదాలు నీలం తిరిగి ఉన్నాయి. చాలాసేపటికి దగ్గి, ఊపిరి తీసుకున్నాడు. ఆస్పత్రికి తీసుకెళ్తే బతుకుతాడన్నారు.

సాయంత్రం సైటుకు తిరిగొచ్చి, పక్కింట్లో కందిలి అడిగి తెచ్చి నేనే దింపాను. మూడు గజాలు దిగీ దిగకముందే ఎవరో ఊదినట్టు ఆరిపోయింది. అడుగున సోలార్ లాంతరు మాత్రం వెలుగుతూనే ఉంది.

మూతపడ్డ బావిలో ఆకులు కుళ్లి, ప్రాణవాయువు లేని గాలి పేరుకుంటుంది. ఆ గాలిలో మంట మనిషికన్నా ముందు ఆరిపోతుంది. అందుకే కందిలిని ముందు దింపుతారు; సోలార్ లాంతరుకు గాలితో పనే లేదు. ఒక పాత పద్ధతిని తీసేసేముందు అది ఏ పనికి ఉందో ఆ పనివాళ్లనే అడగాలని ఆ రోజు తెలిసింది. నిజానికి నేను అడగకముందే యాదయ్య చెప్పాడు. నేనే వినలేదు.