పైపులో నేను పలకలేదు

“నా చెప్పులు యాడ పెట్టినావే?”

“నీ కాళ్ళ కాడే ఉండాయి. కండ్లు అంగట్లో పెట్టి వచ్చినావా?”

మా ఆయనా నేనూ చివరగా మాట్లాడుకున్నవి ఇవే. చెప్పులేసుకుని, గుడియాత్తం ఊళ్ళో మా వీధి వెంట గ్యాసు పైపు కోసం తవ్వుతున్న కాలువ చూడబోయి, మట్టికుప్ప మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. నాకు ఏడుపు రాలేదు. ఆయన మీద నేను మోపిన అబద్ధం మాత్రం మిగిలింది. దాన్ని దించాలనే ఆయన చెల్లెలు సుశీలను కూర్చోబెట్టి రాయిస్తున్నాను.

కిటికీ తీస్తే ఇప్పటికీ తడిమన్ను వాసన. చిన్నప్పుడు మా నాయనా, మేనత్తవాళ్ళూ కాలువలు తవ్వే కూలీలు. తిరువారూరు పక్క వరిమళ్ళలో గ్యాసు బావులు పడితే అక్కడే గుడారాలు వేసుకున్నాం. గట్టు లేని, బొక్కెన దిగని బావులవి. పైన ఇనుప కుళాయిలు చెట్టుకొమ్మల్లా ఉండేవి. ఒక్కో బావి నుంచి చేతిమందం పైపు మళ్ళ కింద పాక్కుంటూ వచ్చి, అన్నీ కంచె వేసిన ఒక చోట కలిసేవి. అక్కడ గ్యాసుతో వచ్చిన నీళ్ళను వేరుచేసి, ఒట్టి గ్యాసును పెద్ద పైపులోకి పంపేవాళ్ళు. ఆ పెద్ద పైపు పిల్లలు దూరేంత లావు. ఎండాకాలమంతా రాగిసంగటి, ఎండుచేపల పులుసు. వెల్డింగు రవ్వలే మా దీపావళి.

పొద్దు వాలితే, కుక్కలు దూరకుండా, ఇంకా అతకని పైపు నోటికి మూత బిగించేవాళ్ళు. ముందు, లోపల పిల్లలెవరైనా ఉన్నారేమోనని, నాయన తల లోపలపెట్టి మూడుసార్లు కేకేసేవాడు. ఒకరోజు అమ్మ కొట్టిందని నేనే అందులో దూరాను. మూడు కేకలూ విన్నాను, వెతకనీలే అని పలకలేదు. నేను దూరడం చూసిన మా బావ, అంటే తర్వాత నన్ను కట్టుకున్నవాడే, పైపు నోటికి అడ్డం పడుకున్నాడు.

“మామా, మూయొద్దు! నాగి లోపలుండాది.”

బయటికొచ్చాక, ఎవరు దూరమన్నారని అడిగితే బావ వైపు వేలు చూపించాను. నాయన పారకర్రతో కొట్టాడు. ఆ ఎడమచేతిని బావ మళ్ళీ తిన్నగా చాచలేకపోయాడు. మేనత్త, “నా కొడుకు నీ బిడ్డను చంపబోయినాడు అన్నా” అని చచ్చేదాకా మా నాయనకు దండాలు పెట్టింది. ఆ చేత్తోనే ఆయన నాకు తాళి కట్టాడు. ఎందుకట్లా చెప్పినావని ఒక్కనాడూ అడగలేదు.

ఇప్పుడు వీధిలో పసుపుపచ్చ ప్లాస్టిక్ పైపు చుట్టలుగా దిగుతోంది, పిల్లి కూడా దూరదు. గుడారాలు లేవు, కేకేసేవాళ్ళు లేరు, దండం పెట్టిన అత్తా లేదు.

“నువ్వేనా వొదినా, వేలు చూపించింది?”

“నేనే. కలం ఆపొద్దు సుశీలా. మీ అన్న తప్పు లేదని రాసినావా? నాకు చదువు రాదు, ఆ మాట కాగితంలో యాడుండాదో తెలీదు. చదువమ్మా, వింటా.”